తోలేవాడు లేని బండి



బెంగళూరులోను, హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను, అంతకంటె దూరములోను ఉన్న మన వారికి ఊరి వానల సంగతి, శెనక్కాయల పంట సంగతి, ఎవరింట పెండ్లి, ఎవరింట చావు అనే సంగతులు వ్రాయుట మాకు అలవాటు. ఈసారి వేరొక సంగతి వ్రాయవలసి వచ్చినది. గత క్రిస్మసుకు అమెరికా నుండి వచ్చిన మన బిడ్డ ఒకడు ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద కూర్చొని తన ఫోనులో ఒక బొమ్మ చూపించినాడు. అరిజోనా రాష్ట్రములో ఫీనిక్సు అనే పట్టణము. వీడు ఫోనులో పిలిచినాడు, టాక్సీ వచ్చి నిలిచినది. వెనుక సీటులో కూర్చున్నాడు. ముందు సీటులో ఎవరూ లేరు. స్టీరింగు దానంతట అదే తిరుగుచున్నది. ఎర్ర దీపము వద్ద ఆగినది, పచ్చ దీపము పడగానే కదిలినది. వేమో అనే కంపెనీ అక్కడ 2020 నుండి ఈ విధముగా మనిషి లేని టాక్సీలలో ప్రజలను ఎక్కించుకొనుచున్నదని వాడు చెప్పినాడు.

పిల్లలు ఈలలు వేసినారు. ఒక అవ్వ మాత్రము ఫోనును కంటి దగ్గర పెట్టుకొని చాలాసేపు చూచి అడిగినది: "అట్లయితే నాయనా, అది ఎవర్నన్నా గుద్దితే మనము ఎవర్ని పట్టుకునేది?"

అందరూ నవ్వినారు. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన తరువాత మాకు నవ్వు రాలేదు. అవ్వ అడిగిన ఆ ఒక్క మాట మీద పెద్ద పెద్ద దేశముల శాసనసభలు ఏండ్ల తరబడి కూర్చున్నవి. అదే చెట్టు క్రింద బెంగళూరులో క్యాబు తోలే మన కుర్రవాడు ఒకడు కూడ ఉన్నాడు. అతడు ఫోను చూచి ఏమియు అనక లేచిపోయినాడు. అతని సంగతి తరువాత చెప్పెదము.

నిజమునకు తోలేవాడు లేని బండి మనకు క్రొత్త కాదు. మా చిన్నతనములో మా నాయన చింతపండు మూటలు వేసుకొని ఎద్దుల బండి మీద హిందూపురము మండీకి పోయేవాడు. పగటి ఎండకు ఎద్దులు అలసిపోవునని రాత్రిళ్ళే ప్రయాణము. ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడేది. తిరిగి వచ్చునప్పుడు ఖాళీ బండిలో గోనెసంచి పరచుకొని మా నాయన పండుకొనేవాడు, ప్రక్కన మేము. పగ్గాలు నొగకు కట్టి ఉండేవి. ఎద్దులకు ఇంటి దారి తెలియును. ఎదురు బండి వస్తే తామే ప్రక్కకు జరిగేవి. తెల్లవారి కండ్లు తెరిచేసరికి మా ఇంటి ముందర గాటి దగ్గర నిలబడి ఉండేవి. ఆ కాలములో ఈ సీమలో చాలమంది ఇట్లే ప్రయాణము చేసినారు.

ఒక రాత్రి బండి నడి దారిలో ఆగిపోయినది. మా నాయన నిద్రలోనే అదిలించినాడు. ఎద్దులు కదలలేదు. లేచి లాంతరు తీసుకొని చూస్తే, కాడికి మూడు మూరల దూరములో ఒక మనిషి దారికి అడ్డముగా పడి నిద్రపోవుచున్నాడు, తాగినవాడు. వానిని లేపి ప్రక్కకు చేర్చి మా నాయన మరల బండి ఎక్కినాడు గాని పండుకొనలేదు. పగ్గాలు చేత పట్టుకొని తెల్లవారే వరకు కూర్చున్నాడు. "ఎద్దులు నిలబడినాయి గాబట్టి సరిపోయె. తొక్కి ఉంటే ఎద్దులను ఎవరూ అడగరు, నన్నే అడుగుతారు" అన్నాడు. ఆయన బడికి పోయినవాడు కాడు. ఆ తరువాత మేము టీచరు ట్రైనింగు చదివితిమి, ముప్పది ఏండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పితిమి. బాధ్యత అనే మాటకు ఇంతకంటె మంచి వివరణ ఏ పుస్తకములోను మాకు దొరకలేదు.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దు గురించిన కట్టడ మన వారు చాలమంది చదివే ఉంటారు. చదివి, ఇది పాతకాలపు పశువుల సంగతి అని ముందుకు పోయి ఉంటారు. దానిలో ఒక సూక్ష్మమైన భేదము ఉన్నది. ఎద్దు అకస్మాత్తుగా మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపవలెను, యజమాని నిర్దోషి. అయితే ఆ ఎద్దుకు పొడిచే గుణము ముందే ఉండి, ఆ సంగతి యజమానికి తెలియజేయబడి, అయినను వాడు దానిని కట్టివేయక పోతే, అప్పుడు యజమాని కూడ దోషియే. ఎద్దు చేసినది రెండు సందర్భములలోను ఒక్కటే. యజమానికి ముందే తెలుసునా, తెలిసి ఏమి చేసినాడు అనే దానిమీద తీర్పు నిలిచినది. యంత్రముల విషయములో మనము అడుగవలసినది కూడ ఇదే అని మా అభిప్రాయము.

ఇప్పుడు అరిజోనాలోనే జరిగిన సంగతి చూడుడి. 2018 మార్చి 18 రాత్రి, ఫీనిక్సు ప్రక్కనే ఉన్న టెంపే పట్టణములో, 49 ఏండ్ల స్త్రీ ఒకామె సైకిలు తోసుకొనుచు రోడ్డు దాటుచున్నది. ఊబర్ కంపెనీ పరీక్ష కొరకు తిప్పుచున్న స్వయంచాలక కారు ఆమెను గుద్దినది, ఆమె మరణించినది. స్వయంచాలక వాహనము పాదచారిని చంపుట ప్రపంచములో అదే మొదటిసారి. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా బోర్డు విచారణ చేసి 2019లో ఫలితము చెప్పినది. గుద్దుటకు 5.6 సెకండ్ల ముందే యంత్రము ఆమెను పసిగట్టినది. అయితే ఆమె ఏమిటో తేల్చుకొనలేకపోయినది. ఒకసారి వాహనము అన్నది, ఒకసారి ఏదో వస్తువు అన్నది, ఒకసారి సైకిలు అన్నది. పేరు మారినప్పుడెల్లా ఆమె ఎటు పోవుచున్నదో వేసిన పాత లెక్క విడిచిపెట్టి మరల మొదలుపెట్టినది. మా తరగతిలో కొందరు పిల్లలు ఉండేవారు, జవాబు వ్రాయుట, తుడుచుట, వ్రాయుట, తుడుచుట, ఇంతలో గంట కొట్టేది. ఇదియు అటువంటిదే. పలకకు గంట కొడితే మార్కులు పోతాయి.

దీనికంటె మమ్మును కలచినవి మరి రెండు సంగతులు. రోడ్డు దాటుటకు గీతలు గీసిన స్థలము కాని చోట మనిషి దాటవచ్చును అనే ఆలోచనయే ఆ యంత్రపు లెక్కలో పెట్టబడలేదు. రెండవది, ఆ కారును తయారు చేసిన వోల్వో కంపెనీ దానికి అత్యవసరముగా బ్రేకు వేసే ఏర్పాటు ఒకటి పెట్టి పంపినది. తమ యంత్రముతో కలగాపులగము కాకుండునట్లు ఊబర్ వారు దానిని ఆపివేసినారు. కారులో కూర్చొని చూచుకొనవలసిన ఉద్యోగి ఆ సమయములో ఫోనులో టీవీ కార్యక్రమము చూచుచున్నదని కూడ విచారణలో తేలినది.

మరి శిక్ష ఎవరికి? కంపెనీ మీద క్రిమినలు కేసు పెట్టుటకు ఆధారము లేదని ప్రభుత్వ న్యాయవాది 2019లో చెప్పినారు. ఉద్యోగిని 2023లో తప్పు ఒప్పుకొనగా మూడేండ్ల ప్రొబేషను విధించినారు. ఆమె తప్పు చేయలేదని మేము అనము. బండి తోలువాడు పండుకొనవచ్చును, మెలకువ రాగానే లేచి చూడవలెను. ఆమె మేలుకొని ఉండియు చూడలేదు. గాని, బ్రేకు తీసివేసినవారికి పొడిచే ఎద్దు సంగతి తెలియదా? నిర్గమకాండము ప్రకారము వారి తీర్పు ఎట్లుండునో పాఠకులే ఆలోచింతురు గాక.

మన తాలూకాలో గీతల మీద రోడ్డు దాటే మనిషిని మేము ఇంతవరకు చూడలేదు. గీతలే లేవు. పంట కోతల కాలములో రాగి వెన్నులు, ఉలవ తీగెలు తారు రోడ్డు మీద పరచి పెట్టుదురు, లారీలు బస్సులు వాటి మీద పోతే నూర్పిడి అయినట్లే. కురుబల గొఱ్ఱెల మంద అడ్డము వస్తే డ్రైవరు హారను కొట్టి, కిటికీలో నుండి చెయ్యి చూపి, కాపరిని నాలుగు మాటలని, కాపరి వద్ద నాలుగు మాటలు పడి, అట్లు దాటును. ఇదంతా ఏ యంత్రమునకు ఎవరు నేర్పగలరు? ఇటువంటి మన రోడ్లకు తగినట్టుగా నేర్పవలెననియే హైదరాబాదు ఐఐటీ వారు సంగారెడ్డి జిల్లా కంది వద్ద తిహాన్ అనే పరీక్షా క్షేత్రము ఏర్పాటు చేసినారు. అది 2022లో ప్రారంభమైనది. ఊరి మధ్య కాక, కంచె లోపల పరీక్ష చేయుట మంచి క్రమము. బొమ్మసంద్ర వైపు ఫ్యాక్టరీలలో పని చేసే మన వారు 2025 ఆగస్టులో ప్రారంభమైన బెంగళూరు మెట్రో పసుపు మార్గములో పోవుచున్నారు గదా. ఆ రైళ్ళు డ్రైవరు లేకుండ నడచుటకు తగిన ఏర్పాటుతో వచ్చినవే. అయినను మొదట మనుషులను కూర్చోబెట్టియే నడిపినారు. ఢిల్లీలో 2020 డిసెంబరు నుండి ఒక మార్గములో అటువంటి రైళ్ళు నడచుచున్నవి. ఆ పట్టాల మీదికి గొఱ్ఱెల మంద రాదు. కనుక రైలును చూపి రోడ్డు సంగతి తేల్చరాదు.

ఇంతవరకు చదివి, పెద్దాయన క్రొత్త యంత్రములకు విరోధి అని యువకులు అనుకొందురేమో. ఆగుడి.

2022 మార్చి 19 ఈ తాలూకాలో ఎవరును మరువలేరు. ఆ ఉదయము వై.ఎన్. హొసకోట నుండి పావగడకు వచ్చుచున్న ప్రైవేటు బస్సు పళవళ్ళి కట్ట వద్ద బోల్తా పడినది. బస్సు నిండ జనము. చదువుకొనుటకు పావగడకు వచ్చుచున్న పిల్లలు. కొందరు అక్కడనే ప్రాణము విడిచినారు, ఎందరో గాయపడినారు. మేము జీవితమంతా ఆ వయస్సు పిల్లలకు హాజరు పిలిచినవారము. ఆ దినము మా ఇంట పొయ్యి వెలిగించలేదు. ఆ బస్సులో యంత్రము కాదు, మనిషియే డ్రైవరు. దేశమంతటిలో ఆ 2022వ సంవత్సరములో రోడ్డు ప్రమాదములలో చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వపు లెక్క. రోజుకు 460 మందికి పైగా. ఆ బండ్లన్నిటిని మనుషులే తోలినారు. టెంపేలో చనిపోయిన ఒక్క స్త్రీ పేరు ప్రపంచమంతా తెలిసినది. మన 460 మంది పేర్లు జిల్లా పత్రికలో నాలుగవ పుటలో వచ్చి పోవును.

మా సంగతి కూడ చెప్పక తప్పదు. కొన్ని ఏండ్ల క్రితము మా బంధువుల ఇంట అకస్మాత్తుగా మరణము సంభవించినది. మేము బెంగళూరులో ఉంటిమి. పైన చెప్పిన ఆ క్యాబు కుర్రవానికి ఫోను చేసితిమి. ఆ దినము తెల్లవారుజాము నుండి క్యాబు తోలి, రాత్రి అప్పుడే గదికి చేరినాడు. "వస్తాను అయివారూ" అన్నాడు. మేము అడిగితే కాదనలేడని మాకు తెలియును. అందుకే అడిగితిమి. తుమకూరు దాటినాము, మధుగిరి దాటినాము. అతనికి నిద్ర రాకుండ మాట్లాడుచుందుమని మేము ముందు సీటులో కూర్చుంటిమి గాని, మాకే నిద్ర పట్టినది. ఎడమ చక్రము రోడ్డు అంచు దిగిన కుదుపుకు ఇద్దరము ఒకేసారి కండ్లు తెరిచితిమి. చింతమాను బండి ముందర ఒక గజము దూరములో ఉన్నది. వెనుక సీటులో మా ఇంటావిడ, ఒక పసిబిడ్డ.

ఆ రాత్రి చింతమానుకు తగిలి ఉంటే పోలీసువారు ఎవరిమీద కేసు వ్రాసి ఉందురు? ఆ కుర్రవాని మీద. అతడు అలసిపోయి ఉన్నాడని తెలిసి పిలిచినవారము మేము. ఎద్దు సంగతి తెలిసిన యజమానులము మేమే. మా పేరు కేసులో సాక్షిగా వచ్చి ఉండును.

యంత్రమునకు నిద్ర రాదు, అది తాగదు, అయివారు అడిగినారని మొగమాటపడదు. ఈ మాట ఒప్పుకొనక పోతే మేము అబద్ధికులమగుదుము. కాబట్టి మనిషి మంచివాడు, యంత్రము చెడ్డది అని తేల్చుటకు వీలు లేదు. రేపు యంత్రము వలన చనిపోయేవారు ఆ 460లో సగమే అని రుజువైతే, మిగిలిన సగము ప్రాణములను చూచియు వద్దనే హక్కు మనకు ఉన్నదా? ఈ ప్రశ్న మమ్మును చాల రాత్రులు మేలుకొలిపినది. ఒక ప్రక్క లెక్క ఉన్నది. రెండవ ప్రక్క ఆ అవ్వ ఉన్నది: ఎవర్ని పట్టుకునేది?

మాకు తోచినది ఇది. ప్రాణములు తగ్గునంటే యంత్రమును రానియ్యవచ్చును. గాని జవాబు చెప్పే మనిషి లేకుండ రానియ్యకూడదు. లెక్క తగ్గినంత మాత్రాన, పోయిన ఒక్క ప్రాణమునకు జవాబు చెప్పనక్కర లేదని కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి మొత్తము మీద చావులు తగ్గినవని చెప్పి పంపలేము. మరియొకటి, కారులో ఎక్కినవాడు ఇష్టపడి ఎక్కినాడు. సైకిలు తోసుకొని పోయే స్త్రీని ఎవరూ అడగలేదు. పరీక్ష ఆమె మీద కూడ జరుగుచున్నదని ఆమెకు తెలియనే తెలియదు. ఆమె తరఫున అడుగవలసినవాడు ప్రభుత్వమే.

కొన్ని దేశములు ఆ పని మొదలుపెట్టినవి. జర్మనీ 2021లో చట్టము చేసినది. బ్రిటను 2024 మేలో చేసిన చట్టము ప్రకారము, బండి తనంతట తాను నడచుచున్నప్పుడు అది నడచిన తీరుకు సీటులో కూర్చున్నవాని మీద నేరము మోపరాదు, దానికి అనుమతి పొందిన సంస్థ బాధ్యత వహింపవలెను. మా నాయన మాటను చట్టముగా వ్రాసినట్లున్నది. కాలేజీ పిల్లలు ఒక వాదన చేయుచుందురు: ముసలివాడు, పసిబిడ్డ ఇద్దరును అడ్డము వస్తే యంత్రము ఎవరిని తప్పించవలెను అని. జర్మనీ నియమించిన ధర్మసంఘము 2017లోనే వయస్సు చూచి, ఆడ మగ చూచి ఎంచరాదని చెప్పినది. ముసలివారమైన మాకు ఆ తీర్పు సమ్మతమే! వాదనకు అది బాగుండును గాని, జరిగిన చావులు అటువంటి చిక్కు లెక్కల వలన జరుగలేదు. తీసివేసిన బ్రేకు వలన జరిగినవి, చూడని కండ్ల వలన జరిగినవి.

దాచిపెట్టుట అన్నిటికంటె చెడ్డది. 2023 అక్టోబరు 2న శానుఫ్రాన్సిస్కోలో మనిషి నడిపే కారు ఒకటి ఒక స్త్రీని గుద్దగా ఆమె క్రూజ్ కంపెనీ వారి డ్రైవరు లేని కారు ముందు పడినది. ఆ కారు ఆగి, మరల కదలి, ఆమెను ఇరవై అడుగులు ఈడ్చినది. ఆమె బ్రతికినది. ఈడ్చిన సంగతిని కంపెనీ అధికారులకు సరిగా తెలుపలేదు. ఆ నెలలోనే కాలిఫోర్నియా ప్రభుత్వము వారి అనుమతి నిలిపివేసినది. తప్పుడు నివేదిక ఇచ్చినామని 2024లో ఒప్పుకొని అయిదు లక్షల డాలర్ల జరిమానా కట్టినారు. ఆ డిసెంబరులో వారి యజమాని జనరల్ మోటార్స్ ఆ టాక్సీల పనియే మానుకొన్నది. మొదటి దినమే ఉన్నది ఉన్నట్లు చెప్పి ఉంటే ఏమయ్యేదో.

మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము డ్రైవరు ఉన్నాడనే ఊహ మీదనే నిలిచియున్నది. లైసెన్సు అతనిది, జరిమానా అతనిది. 2019లో దానిని సవరించినప్పుడు మూడు సంగతులు చేర్చినారు. తప్పు ఎవరిదని రుజువు చేయనక్కర లేకుండ, ప్రాణము పోతే 5 లక్షలు, తీవ్రముగా గాయపడితే రెండున్నర లక్షలు బండి యజమానియో భీమా వారో ఇవ్వవలెను. లోపము ఉన్న వాహనములను వెనుకకు పిలిపించే అధికారము కేంద్రమునకు ఉన్నది. క్రొత్త పరిశోధనల కొరకు కొన్ని వాహనములకు చట్టము నుండి మినహాయింపు ఇచ్చే వీలు కూడ ఉన్నది. ఈ మూడవ దానిని గురించియే మాకు భయము. మినహాయింపు ఇచ్చే వేళ, రోడ్డు ప్రక్క నడిచేవారి మాట వినే ఏర్పాటు ఆ సెక్షనులో మాకు కనబడలేదు.

కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు 2017లోను, మరల 2023 డిసెంబరులోను డ్రైవరు లేని కార్లను దేశములోకి రానియ్యబోమని చెప్పినారు. ఆయన చెప్పిన కారణము డ్రైవర్ల ఉద్యోగములు. ఇది భద్రతకు సంబంధించిన కారణము కాదు, అయినను చిన్న కారణము కాదు. మన తిరుమణి, వళ్ళూరు ప్రాంతములో పదమూడు వేల ఎకరములలో సోలారు పార్కు వచ్చినప్పుడు మనము చూచితిమి. 2,050 మెగావాట్ల కరెంటు వచ్చినది. భూమి ఉన్నవారికి ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు వచ్చినది. ఆ భూములలో కలుపు తీసి బ్రతికిన కూలివానికి భూమి లేదు గనుక కౌలు లేదు. వాడు బెంగళూరుకు పోయి క్యాబు తోలుచున్నాడు. ఇప్పుడు ఆ సీటులో నుండి కూడ లెమ్మంటే వాడు ఎక్కడికి పోవలెను?

అయితే ఉద్యోగము కాపాడినామని చెప్పి, ఆ ఉద్యోగములో వాని నిద్రను కాపాడక పోతే ఏమి ప్రయోజనము? మోటారు రవాణా కార్మికుల చట్టము 1961లోనే వచ్చినది. రోజుకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని దానిలో ఉండెను. 2025లో రద్దు అగు వరకు, అయిదుగురు లేక అంతకంటె ఎక్కువ మందిని పనిలో పెట్టుకొన్న సంస్థలకే అది వర్తించినది. అప్పు చేసి సొంత కారు కొని తోలుకొనే మన కుర్రవానికి ఆ చట్టము తగులలేదు. నెల కంతు మాత్రము తగులును.

క్రిస్మసు తరువాత అతడు బెంగళూరుకు పోయే ముందు మా ఇంటికి వచ్చినాడు. ఆ చింతమాను సంగతి మేము మొదటిసారి అతనితో ఎత్తితిమి. ఆ రాత్రి నిన్ను పిలిచినది మా తప్పు, ఇక మీదట రాత్రి పది దాటితే మన సంఘము వారెవరును నిన్ను పిలువకుండ చూచెదమని చెప్పితిమి. అతడు కాఫీ లోటా క్రింద పెట్టి నవ్వినాడు.

"మీరు పిలవకపోతే ఇంకొకరు పిలుస్తారు అయివారూ. రాత్రి బాడుగకే డబ్బులు ఎక్కువ" అన్నాడు. గడప దాకా పోయి వెనుకకు తిరిగి అడిగినాడు: "ఆ అమెరికా బండికి కంతు ఎవరు కడతారంట?"